ఐరైట్_ఆల్ పెట్టినా వెయిట్ దగ్గర ఆగిపోతోంది: ఫైల్ రాత, లెక్క కలిసి నడవాలంటే?

భీమిలి_కెరటం:
అందరికీ నమస్కారం. బంగాళాఖాతానికి ఒక సముద్ర నమూనా నడుపుతున్నాం, ఫోర్ట్రాన్ కోడ్. గ్రిడ్ 1200 × 1200, లోతులో 40 పొరలు. ఉష్ణోగ్రత, లవణీయత, రెండు దిశల ప్రవాహం, మొత్తం నాలుగు వేరియబుళ్లు, అన్నీ డబుల్ ప్రెసిషన్. 8 నోడ్లు, నోడుకు 32 చొప్పున 256 ర్యాంకులు (ఎంపీఐ అంటే ప్రాసెస్‌ల మధ్య సందేశాలు పంపే లైబ్రరీ, అందులో ఒక్కో ప్రాసెస్ ఒక ర్యాంకు). గ్రిడ్‌ని 16 × 16 ముక్కలు చేశాం కాబట్టి ర్యాంకుకు 75 × 75 × 40 పాయింట్లు. టైమ్ స్టెప్ 60 సెకన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది కదా, ఆ వారమంతా గంటగంటకీ అవుట్‌పుట్ కావాలి.

ఇదివరకు రైట్_ఆల్‌తో, అంటే ర్యాంకులన్నీ కలిసి ఒకే ఫైల్లో రాసే కలెక్టివ్ కాల్‌తో రాసేవాళ్లం. రాత సాగినంతసేపూ లెక్క ఆగేది. అందుకని రాత పూర్తయ్యేదాకా ఆగకుండా తిరిగొచ్చే నాన్‌బ్లాకింగ్ రూపం ఐరైట్_ఆల్‌కి మార్చి, తర్వాతి గంట లెక్క అయ్యాక ఎంపీఐ_వెయిట్ పెట్టాం. ఐరైట్_ఆల్ కాల్ చిటికెలో తిరిగొస్తోంది. కానీ రైట్_ఆల్‌కి పట్టినంత సమయమూ ఇప్పుడు వెయిట్ దగ్గర పడుతోంది. రన్ మొత్తం మీద కలిసొచ్చిందేమీ లేదు. వాడేది ఎంపీఐసీహెచ్ (ఎంపీఐ అమలుల్లో ఒకటి), ఫైళ్లని చాలా సర్వర్ల మీద పంచి పెట్టే లస్టర్ ఫైల్ సిస్టమ్. ఎక్కడ పొరపాటు?

ఫంక్షన్ పేర్ల ముందుండే ఎంపీఐ_ఫైల్_ ప్రతిసారీ రాయడం లేదు.

రుషికొండ_రేవు:
పొరపాటు కాదు, ఒక పని మిగిలిపోయింది. ఐరైట్_ఆల్ అంటే "రాత మొదలుపెట్టు, నేను మళ్లీ వస్తా" అని చెప్పడం. మీరు మళ్లీ వెళ్లేది వెయిట్ దగ్గరే. ఈలోగా దాన్ని ముందుకు తోసేవాళ్లు లేరు.

లోపల జరిగేది చూడండి. ఎంపీఐసీహెచ్‌లో ఫైల్ పని చూసేది రోమియో అనే భాగం. కలెక్టివ్ రాత దానిలో రెండు దశల్లో నడుస్తుంది. ఎవరు ఫైల్లో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రాస్తారో ముందు అందరూ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మొత్తం పరిధిని అగ్రిగేటర్లు అనే కొన్ని ర్యాంకులు పంచుకుంటాయి. మిగతా ర్యాంకులు తమ డేటాని ఆయా అగ్రిగేటర్లకి పంపిస్తాయి. అగ్రిగేటర్ దాన్ని తన బఫర్‌లో వరుసలో పేర్చి పెద్ద ముక్కగా రాస్తుంది. బఫర్ నిండి, రాసి, ఖాళీ అయితే ఒక రౌండ్. ఇలా రౌండ్లు తిరుగుతాయి.

బ్లాకింగ్ రూపంలో ఇదంతా ఒకే కాల్ లోపల అయిపోతుంది. నాన్‌బ్లాకింగ్ రూపంలో అదే పనిని చిన్న చిన్న అడుగులుగా కోసి పెట్టారు. ఐరైట్_ఆల్ తిరిగిచ్చిన రిక్వెస్ట్ (ఆ పనికి గుర్తు) మీద ఎంపీఐ_టెస్ట్ (పని అయిందా అని ఆగకుండా అడిగే కాల్) పిలిచిన ప్రతిసారీ కుదిరితే ఒక అడుగు పడుతుంది. మీరు టెస్ట్ ఒక్కసారీ పిలవలేదు, అడుగులన్నీ వెయిట్‌లోనే పడ్డాయి. సమయం సమానంగా రావడం అందుకే.

భీమిలి_కెరటం:
కానీ మధ్యలో మేం ఎంపీఐలోకి వెళ్తూనే ఉన్నాం కదండీ? ప్రతి టైమ్ స్టెప్‌లో హేలో ఎక్స్ఛేంజ్ (పక్క ర్యాంకులతో అంచు వరుసలు మార్చుకోవడం) ఉంది, ఐసెండ్, ఐరిసీవ్, వెయిటాల్ అన్నీ ఉన్నాయి. అవి దీన్ని తోయవా?

రుషికొండ_రేవు:
సగమే తోస్తాయి. హేలో కాల్స్ లోపలికి వెళ్లినప్పుడు, అప్పటికే పోస్ట్ అయి ఉన్న సందేశాలు కదులుతాయి. కానీ "ఈ సందేశాలు అందాయి, ఇప్పుడు డిస్క్ మీద రాయి, రాశాక తర్వాతి రౌండ్ సందేశాలు పోస్ట్ చెయ్" అనే నిర్ణయం రోమియో పోల్ ఫంక్షన్‌లో ఉంది. అది ఐరైట్_ఆల్ ఇచ్చిన రిక్వెస్ట్‌కి (జనరలైజ్డ్ రిక్వెస్ట్ అనే రకం) తగిలించిన ఫంక్షన్. ఆ రిక్వెస్ట్ మీద టెస్టో వెయిటో పిలిస్తేనే నడుస్తుంది. మీ హేలో వెయిటాల్‌లో ఆ రిక్వెస్ట్ లేదు.

ఇంకో సంగతి. అగ్రిగేటర్లు మాత్రమే టెస్ట్ పిలిస్తే సరిపోదు. డేటా పంపాల్సింది 256 ర్యాంకులూ. ఒక్క ర్యాంకు టెస్ట్ పిలవకుండా పెద్ద లూప్‌లో కూర్చున్నా, దాని డేటా అందాల్సిన అగ్రిగేటర్ ఆ రౌండ్‌లోనే ఉండిపోతుంది.

సింహగిరి_మెట్లు:
కలెక్టివ్ ఎందుకు కావాలో కొత్తవాళ్లకి తెలియడానికి, భీమిలి గారు ఇచ్చిన కొలతల మీదే లెక్క కడుతున్నాను.

ఎక్స్ దిశ ఫైల్లో వరుసగా ఉంటుంది. ఒక ర్యాంకుకి ఒక వరుసలో ఉండేది 75 సంఖ్యలు, 600 బైట్లు. తర్వాత 1125 సంఖ్యలు వేరే ర్యాంకులవి. ఒక వేరియబుల్‌కి ఒక ర్యాంకు దగ్గర ఇలాంటి తునకలు 75 × 40 = 3000. నాలుగు వేరియబుళ్లకి 12,000. 256 ర్యాంకులకీ కలిపి 30,72,000 తునకలు, ఒక్కోటి 600 బైట్లు. ప్రతి గంట అవుట్‌పుట్‌కీ ఇంతే. లస్టర్‌లో ఒకే ఫైల్ పక్కపక్క భాగాల మీద ఇంతమంది పడితే ఎక్స్‌టెంట్ లాక్‌లు (ఫైల్లో ఒక్కో భాగానికి వేసే తాళాలు) ఒకరి చేతిలోంచి ఒకరికి మారడానికే సమయం పోతుంది.

మన ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే చూడండి. పడవ దిగిన ప్రతివాడూ చేతిలో రెండు చేపలు పట్టుకుని లారీ దగ్గరికి పరిగెత్తడు. రకాల వారీగా గంపలకెత్తి, గంప నిండాక లారీ ఎక్కిస్తారు. అగ్రిగేటర్ బఫరే ఆ గంప. అది ఎంత పెద్దదో, ఎన్ని ఉన్నాయో అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

ఒక అవుట్‌పుట్ 1200 × 1200 × 40 × 4 × 8 = 184,32,00,000 బైట్లు, అంటే 1.84 జీబీ. రోమియో మామూలుగా నోడుకి ఒక అగ్రిగేటర్ పెడుతుంది, మీకు 8. ఒక్కోదాని వాటా 230.4 ఎంబీ. ఆ బఫర్ ఎంత ఉండాలో చెప్పే హింట్ (ఫైల్ తెరిచేటప్పుడు ఇచ్చే సూచన) సీబీ_బఫర్_సైజ్, దాని డిఫాల్ట్ 1,67,77,216 బైట్లు. నాలుగు వేరియబుళ్లనీ ఒకే కాల్‌లో రాస్తే 14 రౌండ్లు. ఒక్కో రౌండ్‌లో లెక్కల మార్పిడి, డేటా మార్పిడి, రాత అని కనీసం మూడు అడుగులు వేసుకున్నా 42 అడుగులు. గంటకి మీ టైమ్ స్టెప్పులు 60. స్టెప్‌కి ఒక టెస్ట్ పెడితే కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది గానీ సరిపోదు. సందేశం ఇంకా రాకముందే పిలిచిన టెస్ట్ వృథా.

రెండు మార్పులు చేయండి. సీబీ_బఫర్_సైజ్‌ని 6,71,08,864 చేయండి, రౌండ్లు 4కి దిగుతాయి. దీనికయ్యే ఖర్చు అగ్రిగేటర్ ఉన్న నోడ్‌లో 64 ఎంబీ మెమరీ. టెస్ట్‌ని స్టెప్ చివర్లో కాకుండా పొరల లూప్‌లో పెట్టండి, నాలుగు పొరలకి ఒకసారి చొప్పున స్టెప్‌కి 10 వస్తాయి. పాయింట్ పాయింట్‌కీ పిలవొద్దు, లోపలి లూప్ వెక్టరైజ్ (ఒకేసారి చాలా సంఖ్యల మీద లెక్క) కాకుండా పోతుంది.

ఎర్రమట్టి_దిబ్బ:
హింట్ ఇచ్చినంత మాత్రాన అది పట్టిందని నమ్మకండి. పేరులో ఒక అక్షరం తప్పినా ఎంపీఐ ఏమీ అనదు, పక్కన పెట్టేస్తుంది. ఓపెన్ చేశాక ఎంపీఐ_ఫైల్_గెట్_ఇన్ఫో పిలిచి, వచ్చినవన్నీ ర్యాంక్ 0లో ప్రింట్ చేసి చూడండి. నిజంగా అమల్లో ఉన్న విలువలు అవే.

లస్టర్ స్ట్రైప్ (ఫైల్‌ని ఎన్ని చోట్లకి, ఎంతెంత ముక్కలుగా పంచాలో) కూడా ముందే పెట్టుకోవాలి. డైరెక్టరీ మీద ఎల్ఎఫ్ఎస్ సెట్‌స్ట్రైప్, కౌంట్ 8, సైజ్ 4 ఎంబీ. ఫైల్ పుట్టాక సెట్‌స్ట్రైప్‌తో లేఅవుట్ మారదు. పాత రన్ ఫైల్ అక్కడే ఉండి, మీరు దాన్నే మళ్లీ తెరుస్తుంటే పాత స్ట్రైపే ఉంటుంది. ఎల్ఎఫ్ఎస్ గెట్‌స్ట్రైప్‌తో సరిచూసుకోండి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. మోడ్_క్రియేట్ పెడితే ఉన్న ఫైల్ ఖాళీ అవదు. పాత రన్ 168 గంటలు రాసి, కొత్త రన్ 100 గంటలే రాస్తే చివరి 68 గంటలు పాతవే మిగిలిపోతాయి. ప్లాట్ మాత్రం చక్కగా వస్తుంది, అదే ప్రమాదం. తెరవగానే సెట్_సైజ్ సున్నా చేయండి, లేదా ముందే పాతది తీసేయండి.

సీతమ్మధార_64:
నాది కాస్త వేరే ఇబ్బంది. ఇలాంటి గ్రిడ్డే, కానీ ఎంపీఐసీహెచ్ బదులు ఓపెన్ ఎంపీఐ 4.1 అనే ఇంకో అమలు, లస్టర్ కాదు, బీజీఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్. రైట్_ఆల్ నుంచి ఐరైట్_ఆల్‌కి మార్చాక ఓవర్‌ల్యాప్ (రాత, లెక్క కలిసి నడవడం) సంగతి అలా ఉంచండి, రాతే చాలా రెట్లు నెమ్మదైంది. టెస్ట్‌లు పెట్టినా అంతే.

ఎర్రమట్టి_దిబ్బ:
మీకు రోమియో కాదు, ఓపెన్ ఎంపీఐ సొంత ఫైల్ భాగం ఓంపీఐఓ నడుస్తోంది. ఓపెన్ ఎంపీఐ 4.x లో లస్టర్ అయితే రోమియో, మిగతా ఫైల్ సిస్టమ్‌లకి ఓంపీఐఓ డిఫాల్ట్. దాన్లో రైట్_ఆల్‌కి మంచి అగ్రిగేషన్ ఉంది. ఐరైట్_ఆల్‌కి మాత్రం కలెక్టివ్ అమలు లేకపోతే విడి ఐరైట్‌కి దిగిపోతుంది. అంటే సింహగిరి గారు లెక్కగట్టిన 600 బైట్ల తునకలు గంపకెక్కకుండా నేరుగా డిస్క్ దారి పడతాయి. ప్రామాణికం దీన్ని తప్పు అనదు, ఫైల్లో ఫలితం సరిగ్గానే ఉంటుంది. వేగం మాత్రం పోతుంది.

నిర్ధారించుకోవడం తేలికే. డార్షాన్ (రన్‌లో ఫైల్ కాల్స్‌ని లెక్కపెట్టే సాధనం) పెట్టి ఒక చిన్న రన్ నడపండి. పోసిక్స్ పొర (ఆపరేటింగ్ సిస్టమ్‌కి వెళ్లే అసలు ఫైల్ కాల్స్) హిస్టోగ్రామ్‌లో 100 నుంచి 1కె బైట్ల గడి చూడండి. లక్షల్లో అంకె ఉంటే అగ్రిగేషన్ జరగలేదు. జరిగితే ఆ గడి దాదాపు ఖాళీగా ఉండి, అంకెలన్నీ ఎంబీల గడుల్లో ఉంటాయి. డార్షాన్ లేకపోతే ఒక ర్యాంకు మీద ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్ చూపించే సాధనం) పెట్టి పీరైట్64 రాత కాల్స్ చూడండి. చివర 600, 600, 600 అని వరుసగా కనిపిస్తే అదే రోగం.

రోమియోకి మారాలంటే ఎంపీఐరన్‌కి ఎంసీఏ ఐఓ రోమియో321 అని ఇవ్వండి. 5.0 లో ఆ పేరు రోమియో341. మీ ఇన్‌స్టలేషన్‌లో ఏది ఉందో ఓంపీఐ_ఇన్ఫో చెబుతుంది.

సీతమ్మధార_64:
100 నుంచి 1కె గడిలోనే ఉన్నాయండీ, మొత్తం. రోమియో321 పెట్టగానే ఆ గడి ఖాళీ. ధన్యవాదాలు. ఒక సందేహం: ఇంత గొడవ లేకుండా రైట్_ఆల్_బిగిన్, రైట్_ఆల్_ఎండ్ వాడొచ్చు కదా? అవి పాత ఎంపీఐలోనే ఉన్నాయి.

రుషికొండ_రేవు:
ఉన్నాయి, 1997లో ఎంపీఐ-2తో వచ్చాయి. ఒక ఫైల్ హ్యాండిల్ మీద ఒకేసారి ఒక్కటే నడవాలి, రిక్వెస్ట్ చేతికి రాదు కాబట్టి టెస్ట్ చేయలేం. పైగా రోమియోలో బిగిన్ కాల్ లోపలే రాత మొత్తం అయిపోతుంది, ఎండ్‌లో మిగిలేది స్టేటస్ ఇవ్వడం. ఓవర్‌ల్యాప్ సున్నా. ఐరైట్_ఆల్, ఐరైట్_ఎట్_ఆల్ 2015లో ఎంపీఐ-3.1తో వచ్చింది ఈ లోటు తీర్చడానికే.

కలిపి వాడే పొరపాటు మాత్రం చేయకండి. కొన్ని ర్యాంకులు ఐరైట్_ఆల్, కొన్ని రైట్_ఆల్ పిలిస్తే జత కుదరదు. అందరూ ఒకే రకం, ఒకే వరుసలో పిలవాలి.

భీమిలి_కెరటం:
బఫర్ పెంచాం, టెస్ట్‌లు పొరల లూప్‌లో పెట్టాం. గెట్_ఇన్ఫోలో 6,71,08,864 కనిపిస్తోంది. వెయిట్ సమయం బాగా తగ్గింది. కానీ కొత్త సమస్య. అవుట్‌పుట్ ఉష్ణోగ్రతలో కొన్ని ముక్కల్లో ఉత్తరం వైపు వరుసలు ఒక గంటవి, దక్షిణం వైపువి తర్వాతి స్టెప్పువి. అప్పుడప్పుడు అసలు అర్థంలేని సంఖ్యలు కూడా. రైట్_ఆల్‌తో ఇది ఎప్పుడూ లేదు.

లాసన్స్_ఒడ్డు:
రెండూ వేర్వేరు తప్పులు మాస్టారూ, రెండూ బఫర్ దగ్గరే.

మొదటిది: వెయిట్ తిరిగొచ్చేదాకా, లేదా టెస్ట్ 'అయిపోయింది' అని చెప్పేదాకా ఆ బఫర్ మీది కాదు. తర్వాతి స్టెప్ లెక్క అదే టెంపరేచర్ ఎరే మీద రాస్తోంది, రోమియో నాలుగో రౌండ్‌లో పంపాల్సిన వరుసలు అప్పటికే మారిపోయాయి. ఇదివరకు అన్నీ వెయిట్‌లో జరిగినప్పుడు కూడా తప్పే ఉండాలి, అయితే మొత్తం ఫీల్డ్ ఒకే పద్ధతిలో ఒక గంట ముందుకి జరిగి ఉంటుంది కాబట్టి కంటికి ఆనలేదు. ఆ పాత ఫైళ్లని కూడా ఒకసారి రైట్_ఆల్ ఫైళ్లతో పోల్చి చూడండి.

విరుగుడు, విడిగా స్టేజింగ్ బఫర్. ర్యాంకుకి 75 × 75 × 40 × 4 = 9,00,000 సంఖ్యలు, 7.2 ఎంబీ. గంట చివర్లో అందులోకి కాపీ చేసి, దాన్నే ఐరైట్_ఆల్‌కి ఇవ్వండి. వచ్చే గంటకి ముందు రాత పూర్తవుతుందన్న నమ్మకం లేకపోతే రెండు బఫర్లు పెట్టి మార్చి మార్చి వాడండి, మొత్తం 14.4 ఎంబీ. ఈ రోజుల్లో అదో లెక్కలోది కాదు.

రెండోది ఫోర్ట్రాన్ తెచ్చిపెట్టేది. అర్థంలేని సంఖ్యలంటే నాకు ఇదే అనుమానం: మీరు హేలో వదిలేసి టెంప్(1:ఎన్ఎక్స్, 1:ఎన్‌వై, :) అని ఎరే సెక్షన్ నేరుగా కాల్‌లో ఇస్తున్నారా?

భీమిలి_కెరటం:
అవునండీ, అక్షరాలా అదే.

లాసన్స్_ఒడ్డు:
ఆ సెక్షన్ మెమరీలో వరుసగా ఉండదు. పాత ఎంపీఐ ఇంటర్‌ఫేస్‌తో కంపైలర్ దానికి ఒక తాత్కాలిక కాపీ చేసి, ఆ కాపీ చిరునామా ఇస్తుంది. కాల్ తిరిగి రాగానే ఆ కాపీని విడిచేస్తుంది. రైట్_ఆల్‌లో ఇబ్బంది లేదు, అప్పటికి రాత అయిపోయి ఉంటుంది. ఐరైట్_ఆల్‌లో రాత ఇంకా మొదలవ్వక ముందే మెమరీ వేరేవాళ్ల చేతికి పోయింది. మీకు కనిపించిన అర్థంలేని సంఖ్యలు ఆ మెమరీలో తర్వాత చేరినవి.

స్టేజింగ్ బఫర్‌తో ఇది కూడా పోతుంది, ఎందుకంటే అది వరుసగా ఉంటుంది. డిక్లరేషన్‌లో ఎసింక్రనస్ అని కూడా పెట్టండి, లేకపోతే కంపైలర్ వెయిట్‌కి అటూ ఇటూ ఉన్న చదువు, రాతల్ని జరిపే హక్కు తనకుందనుకుంటుంది. కాపీయే వద్దనుకుంటే మెమరీ వైపు కూడా సబ్‌ఎరే టైప్ (పెద్ద ఎరేలో ఒక ముక్కని వర్ణించే డేటా టైప్) కట్టి, ఎరే మొదటి ఎలిమెంట్ ఇవ్వొచ్చు. కానీ అప్పుడు లెక్క ఆ ఎరేని ముట్టకూడదు, కాబట్టి మీ పనికి కాపీయే నయం.

సింహగిరి_మెట్లు:
స్టేజింగ్ బఫర్‌లోకి కాపీ చేసేటప్పుడు నేల పాయింట్లని వదిలేయకండి. సముద్రం పాయింట్లే రాద్దామని ఫైల్ టైప్‌ని (ఫైల్లో ఈ ర్యాంకు రాసే చోట్లని చెప్పే డేటా టైప్) తగ్గించి కట్టేవాళ్లున్నారు. మన తూర్పు తీరం గ్రిడ్‌లో ఏటవాలుగా పోతుంది, ప్రతి వరుసలోనూ ఖాళీ వేరే చోట పడుతుంది. మధ్యలో ఖాళీలుంటే అగ్రిగేటర్ ముందు ఆ ముక్కని డిస్క్ నుంచి చదివి, కలిపి, మళ్లీ రాయాలి. రాత కోసం చదవాల్సి వస్తుంది. నేల మీద 1ఈ20 లాంటి ఫిల్ విలువ పెట్టి మొత్తం రాయడమే మేలు.

మద్దిలపాలెం_కూడలి:
ఈ టెస్ట్‌లు కోడ్ నిండా చల్లే బదులు వెనక ఒక థ్రెడ్‌ని నడిపే ఎంపీఐసీహెచ్_ఎసింక్_ప్రోగ్రెస్=1 పెట్టేస్తే సరిపోతుంది కదా?

రుషికొండ_రేవు:
దానికి నేను ఒప్పుకోను. ఆ థ్రెడ్ సందేశాలని తోస్తుంది. పైన చెప్పిన పోల్ ఫంక్షన్ మాత్రం రిక్వెస్ట్ మీద టెస్ట్ పిలిచినప్పుడు నడిచేది. పైగా ఆ థ్రెడ్ ప్రతి ర్యాంకులోనూ తిరుగుతూ ఉంటుంది, 32 కోర్లలో 32 ర్యాంకులు కూర్చోబెట్టిన నోడ్‌లో లెక్క కోర్లనే తింటుంది.

థ్రెడ్ దారే కావాలంటే సొంతంగా ఒక సహాయక థ్రెడ్ పెట్టి, అదే రిక్వెస్ట్ మీద కొంచెం విరామంతో టెస్ట్ పిలిపించండి. ఇనిట్_థ్రెడ్‌లో థ్రెడ్_మల్టిపుల్ (ఏ థ్రెడ్ అయినా ఎంపీఐని పిలవొచ్చనే స్థాయి) అడగాలి, తిరిగొచ్చిన ప్రొవైడెడ్ విలువ నిజంగా అదేనా చూడాలి. పూర్తి చేసేది ఆ థ్రెడ్ ఒక్కటే కావాలి, అసలు థ్రెడ్ మీ సొంత జెండా చూసి ముందుకెళ్లాలి. రెండు థ్రెడ్‌లు ఒకే రిక్వెస్ట్ మీద వెయిట్‌లో కూర్చోవడం ప్రామాణికం ప్రకారం తప్పు.

మద్దిలపాలెం_కూడలి:
సరే, ఒప్పుకుంటున్నా. ఇంకో దారి: పీనెట్‌సీడీఎఫ్ (నెట్‌సీడీఎఫ్ ఫైళ్లని సమాంతరంగా రాసే లైబ్రరీ) ఐపుట్ వాడితే?

ఎర్రమట్టి_దిబ్బ:
పేరు చూసి మోసపోయే చోటది. ఐపుట్ కాల్ అభ్యర్థనని నమోదు మాత్రమే చేస్తుంది, అసలు రాత వెయిట్_ఆల్‌లో. దాని ప్రయోజనం ఓవర్‌ల్యాప్ కాదు, నాలుగు వేరియబుళ్ల చిన్న రాతల్ని కలిపి ఒక పెద్ద కలెక్టివ్‌గా చేయడం. ఆ పనికి అది చాలా మంచిది, ఈ పనికి కాదు.

నిజంగా రాతని లెక్క నుంచి విడదీయాలంటే విడి ఐఓ ర్యాంకులు. డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ నమూనాలో క్విల్టింగ్ అనేది అదే, నేమ్‌లిస్ట్‌లో గ్రూపుకి ఎన్ని ఐఓ టాస్కులో రాస్తారు. 256లో 8 ఇచ్చేస్తే లెక్కకి 248 మిగులుతాయి, 16 × 16 విభజన కుదరదు. అదనంగా 8 ర్యాంకులు దొరికితే ఆ దారి బాగుంటుంది.

భీమిలి_కెరటం:
స్టేజింగ్ బఫర్ పెట్టాక డేటా రైట్_ఆల్ ఫైల్‌తో బైట్ బైట్ సరిపోయింది, మొదటి రెండు గంటలకి. మూడో గంట ఫైల్లో లేనే లేదు. ప్రోగ్రామ్ ఏ ఎర్రర్ ఇవ్వకుండా చివరిదాకా నడిచింది!

లాసన్స్_ఒడ్డు:
ఎర్రర్ రాకపోవడానికి కారణం ముందు. కమ్యూనికేటర్ల మీద తప్పు జరిగితే ఎంపీఐ ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. ఫైళ్లకి డిఫాల్ట్ ఎర్రర్స్_రిటర్న్, కోడ్ తిరిగిస్తుంది, మీరు చూడకపోతే అంతే సంగతులు. ఎంపీఐ_ఫైల్_నల్ మీద సెట్_ఎర్‌హ్యాండ్లర్ పిలిచి ఎర్రర్స్_ఆర్_ఫేటల్ పెట్టండి, ఆ తర్వాత తెరిచే ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది. వెయిట్ ఇచ్చే స్టేటస్ మీద గెట్_కౌంట్ పిలిచి 9,00,000 వచ్చిందా అని కూడా చూడండి.

ఇక మూడో గంట. ఆఫ్‌సెట్‌ని రికార్డు నంబర్ × 184,32,00,000 అని మామూలు ఇంటీజర్‌లో కడుతున్నారా? రికార్డులు 0 నుంచి మొదలైతే రికార్డు 1 ఆఫ్‌సెట్ 214,74,83,647 లోపే ఉంటుంది, రికార్డు 2 దాటిపోయి నెగటివ్ అవుతుంది. మీ మూడో గంట అదే. ఎంపీఐ_ఆఫ్‌సెట్_కైండ్ వాడండి. గుణకారంలోని రెండు సంఖ్యల్లో ఒకటైనా ఆ కైండ్‌లో ఉండాలి, ఫలితాన్ని మాత్రమే మార్చితే అప్పటికే పొంగిపోయి ఉంటుంది.

భీమిలి_కెరటం:
సరిగ్గా అదే. గంటగంటకీ కొత్త ఆఫ్‌సెట్‌తో సెట్_వ్యూ (ఫైల్లో ఈ ర్యాంకుకి కనిపించే భాగాన్ని నిర్ణయించే కాల్) పిలుస్తున్నాం.

లాసన్స్_ఒడ్డు:
అది కూడా మానేయండి. రాత పెండింగ్‌లో ఉండగా సెట్_వ్యూ పిలవడమే తప్పు. సింక్, క్లోజ్ కూడా అంతే. సెట్_వ్యూ ఒక్కసారే, ఓపెన్ అయిన వెంటనే. ఈటైప్ (ఫైల్లో లెక్కపెట్టే యూనిట్) డబుల్, ఫైల్ టైప్ 1200 × 1200 × 40 × 4 మీద నాలుగు కొలతల సబ్‌ఎరే. దాని ఎక్స్‌టెంట్ పూర్తి రికార్డే కాబట్టి రికార్డు తర్వాత రికార్డుగా అదే పేర్చుకుంటుంది. తర్వాత ఐరైట్_ఎట్_ఆల్‌కి ఆఫ్‌సెట్‌గా రికార్డు నంబర్ × 9,00,000 ఇవ్వండి. వ్యూ లోపల ఆఫ్‌సెట్ బైట్లలో కాదు, ఈ ర్యాంకుకి కనిపించే ఈటైప్‌లలో.

సింహగిరి_మెట్లు:
కొలిచేటప్పుడు మూడు రన్‌లు విడివిడిగా తీయండి. రాత లేకుండా లెక్క మాత్రమే. ఐరైట్_ఆల్ వెంటనే వెయిట్ పెట్టి రాత మాత్రమే. తర్వాత రెండూ కలిపి. మొదటి రెండిటి మొత్తంలోంచి మూడోది తీసేసి, మొదటి రెండిట్లో చిన్నదానితో భాగించండి. 1 దగ్గరికి వస్తే రాత పూర్తిగా లెక్క వెనక దాగినట్టు, 0 దగ్గరుంటే మీ మొదటి పోస్ట్ పరిస్థితి. ప్రతి రన్ ముందు బ్యారియర్ (ర్యాంకులన్నీ చేరేదాకా ఆగే కాల్). రాత మాత్రమే కొలిచే రన్ చివర సింక్ కూడా కలపండి, లేకపోతే పేజ్ క్యాష్‌కి (మెమరీలోని తాత్కాలిక నిల్వ) చేరిన సమయాన్నే డిస్క్ సమయం అనుకుంటారు.

భీమిలి_కెరటం:
సెట్_వ్యూ ఒక్కటి, ఐరైట్_ఎట్_ఆల్, రెండు స్టేజింగ్ బఫర్లు, 64 ఎంబీ, ఎర్రర్స్_ఆర్_ఫేటల్, అన్నీ పెట్టాం. 168 గంటలూ వచ్చాయి, అన్నీ రైట్_ఆల్ ఫైల్‌తో సరిపోయాయి. సింహగిరి గారి మూడు రన్‌లు క్యూలో ఉన్నాయి, అంకెలు ఇక్కడే పెడతాను.